వికలాంగుల హక్కులు – గ్రామ పంచాయతీల విధులు

భారత రాజ్యాంగమునందలి పదకొండవ షెడ్యూలు మొదటినుండి ఉన్నది కాదు. 73వ సవరణ చట్టము 1993 ఏప్రిల్ 24న అమలులోనికి వచ్చినప్పుడు అది చేరినది. రాష్ట్ర శాసనసభలు పంచాయతీలకు అప్పగింపదగిన విషయములు 29 అందులో వరుసగా పేర్కొనబడినవి. వ్యవసాయము, చిన్ననీటి పారుదల, త్రాగునీరు, రోడ్లు, గ్రామీణ విద్యుద్దీకరణ - ఈ అంశములను గూర్చి ఏ సర్పంచుకును చెప్పనక్కరలేదు. 26వ అంశమేమని అడిగినచో మాత్రము పెక్కుమంది ఒక క్షణము ఆలోచింతురు. వికలాంగుల యొక్కయు, బుద్ధిమాంద్యము గలవారి యొక్కయు సంక్షేమముతో కూడిన సాంఘిక సంక్షేమము, అదియే ఆ 26వ అంశము.

కావున వికలాంగుల విషయము జిల్లా కేంద్రములోని ఏదో ఒక కార్యాలయమునకు మాత్రమే చెందినదనియు, పంచాయతీ చేయవలసినదెల్ల దరఖాస్తుపై ముద్రవేసి పంపుటయే అనియు తలచుట సరికాదు. వీధి దీపము వెలుగకపోయినచో పంచాయతీని అడుగుటకు గ్రామస్థునికి ఎంత హక్కు కలదో, తన ఊతకర్రతో పంచాయతీ కార్యాలయపు మెట్లెక్కలేని వ్యక్తికిని అడుగుటకు అంతే హక్కు కలదు. ఆదిలాబాదు జిల్లాలోని బోథ్ ప్రాంత గ్రామములను దృష్టిలో నుంచుకొని, ఆ హక్కులు ఎట్టివో, గ్రామస్థాయిలో అవి నెరవేరుటకు ఏమి చేయవలెనో ఇచట వివరింపబడుచున్నది.

బోథ్ సీమ

కొండలు, అడవులు, నల్లరేగడి చేలు కలసిన సీమ యిది. వర్షాకాలమున పొచ్చెర జలపాతమును చూడవచ్చు యాత్రికులకు దీని సౌందర్యమే కనబడును. నడువలేనివానికి ఇదే సీమ వేరొక విధముగా కనబడును. గూడెమునుండి బస్సు ఆగుచోటి వరకు రాళ్ల బాట. నడుమ ఒక వాగు. అచటినుండి బోథ్‌కు, బోథ్‌నుండి ఆదిలాబాదుకు ప్రయాణము. సొనాల, ధన్నూర్, కౌఠ వంటి గ్రామములనుండి జిల్లా కేంద్రమునకు పోయివచ్చుటకు ఆరోగ్యవంతునికే ఒక దినము పట్టును. వికలాంగునకు వెంట మరియొకరు ఉండవలెను; ఆ రెండవవాని కూలియు ఆ దినమునకు పోయినట్లే. అందులోను పత్తి ఏరు రోజులైనచో ఇంటివారు "తరువాత చూతము" అందురు. ఆ తరువాత అనునది కొన్ని ఇండ్లలో ఏండ్లకేండ్లు సాగును.

పూర్వము బోథ్ హైదరాబాదు రాష్ట్రములోని ఒక తాలూకా. 1985లో తాలూకాల స్థానమున మండలములు వచ్చినవి. 2016 అక్టోబరు 11న పాత ఆదిలాబాదు జిల్లా నాలుగు జిల్లాలైనది. 2018 నాటి తెలంగాణ పంచాయతీరాజ్ చట్టముతో అనేక తండాలు, గూడెములు స్వతంత్ర పంచాయతీలైనవి. అనగా పరిపాలన మెట్టు మెట్టుగా ప్రజల ముంగిటికి దిగివచ్చినది. ఒకప్పుడు పంచాయతీ కార్యాలయము చూడవలెనన్న మూడు మైళ్లు నడచిన గూడెపు నివాసికి నేడు అది తన వాడలోనే యున్నది. వికలాంగునకు ఈ మార్పు వలన కలిగిన మేలు చిన్నది కాదు. అయితే దగ్గరకు వచ్చిన పంచాయతీ అతనిని గుర్తించినపుడే అది మేలగును.

హక్కు ఎచటినుండి వచ్చినది

నిరుద్యోగము, వార్ధక్యము, వ్యాధి, అంగవైకల్యము కలిగినప్పుడు రాజ్యము తన శక్తికొలది ప్రజలకు సహాయము చేయవలెనని రాజ్యాంగములోని 41వ అధికరణము నిర్దేశించుచున్నది. ఇది ఆదేశ సూత్రమే గాని న్యాయస్థానమునకు పోయి రాబట్టుకొను హక్కు కాదు. అట్టి హక్కు 1995లో పార్లమెంటు చేసిన చట్టముతో మొదటిసారిగా రూపుదాల్చినది. అందులో ఏడు రకముల వైకల్యములు మాత్రమే గుర్తింపబడినవి. ఐక్యరాజ్యసమితి 2006 డిసెంబరులో వికలాంగుల హక్కుల ఒడంబడికను ఆమోదించగా, భారతదేశము 2007 అక్టోబరులో దానిని ధ్రువీకరించినది. దానికి అనుగుణముగా వికలాంగుల హక్కుల చట్టము, 2016 వచ్చి, 2017 ఏప్రిల్ 19 నుండి అమలులోనున్నది. ఏడు రకములు ఇరువదియొకటి అయినవి.

ఈ ఇరువదియొకటిలో మన ప్రాంతమునకు ముఖ్యముగా సంబంధించినది ఒకటి కలదు. అది సికిల్ సెల్ వ్యాధి. రక్తములోని ఎర్రకణములు గుండ్రముగా నుండుటకు మారుగా కొడవలివలె వంగుట దీని లక్షణము. తలిదండ్రులిరువురినుండి ఆ లక్షణము సంక్రమించిన బిడ్డకు వ్యాధి కలుగును. గిరిజనులలో ఇది హెచ్చుగా కానవచ్చును. చూచుటకు కాలుసేతులు సరిగానే యుండును. కీళ్లలోను ఎముకలలోను భరింపరాని నొప్పి, రక్తహీనత, తరచు జ్వరము బాధించును. పత్తి చేనులో మధ్యాహ్నమునకే కూలబడిన యువకుని "సోమరి" యనుట సులభము. అతని వ్యాధిని చట్టము వైకల్యముగా గుర్తించినదని తెలిసినవారు తక్కువ. 2023 జూలై 1న ప్రారంభమైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమము క్రింద గిరిజన ప్రాంతములలో రక్తపరీక్షలు జరుపబడినవి. తలసేమియా, హీమోఫిలియా అను రక్త సంబంధ వ్యాధులను కూడ చట్టము ఇదే తెగలో చేర్చినది. కంటికి కనబడని వైకల్యమును కన్నులతో చూచి తీర్పుచెప్పుట న్యాయము కాదు.

2011 జనాభా లెక్కల ప్రకారము దేశములో వికలాంగులు 2 కోట్ల 68 లక్షలు. వారిలో 1 కోటి 86 లక్షల మంది గ్రామవాసులు. నేటి తెలంగాణ ప్రాంతములో 10 లక్షల 46 వేలమంది. ఆ లెక్క పాత చట్టపు కాలము నాటిది. సికిల్ సెల్ వంటివి అందులో ప్రత్యేకముగా చేరలేదు.

ధ్రువపత్రము

వైకల్యము కలుగుట ఒకటి. అది కాగితముపై నమోదగుట మరియొకటి. చట్టము కల్పించిన సౌకర్యములలో అధికభాగము 40 శాతము గాని అంతకు మించి గాని వైకల్యము ఉన్నదని వైద్యాధికారి ధ్రువీకరించినవారికే లభించును. ఉమ్మడి రాష్ట్రములో మొదలైన సదరం శిబిరముల పేరు ఇప్పటికిని గ్రామములలో వ్యవహారమునందున్నది. దేశమంతటికి వర్తించు విశిష్ట గుర్తింపు కార్డు పద్ధతి తరువాత వచ్చినది. ఆ కార్డు మూడు రంగులలో నుండును: 40 శాతమునకు లోపు వైకల్యమైన తెలుపు, 40 నుండి 80 లోపు పసుపు, 80 శాతము, ఆపైన నీలము. దరఖాస్తు ఆన్‌లైనులో చేసికొని, నిర్ణయించిన దినమున ఆసుపత్రికి పోవలెను. ఆదిలాబాదులో 2008లో ఏర్పడిన రిమ్స్ వైద్యకళాశాల ఆసుపత్రి ఈ ప్రాంతమునకు ముఖ్యమైనది.

ఇచటనే పంచాయతీ పని మొదలగుచున్నది. పంచాయతీ కార్యదర్శి ఊరిలోని వికలాంగుల పట్టికను సిద్ధము చేయవలెను. ఈ పట్టిక కార్యాలయములో కూర్చుండి వ్రాయుటకు వీలుకాదు. మంచముపై నున్నవాడు కార్యాలయమునకు రాడు. మతిస్థిమితము లేని ఆడబిడ్డను ఇంటివారు బయటకు చూపరు. అంగన్‌వాడీ టీచరు, ఆశా కార్యకర్త, మహిళా సంఘము నాయకురాలు - ఈ ముగ్గురిని వెంటబెట్టుకొని ఇంటింటికి పోయినచో పట్టిక ఒక వారములో పూర్తియగును. గోండి, కొలామీ, లంబాడీ, మరాఠీ మాటలాడు ఇండ్లలో ఆ భాష తెలిసినవారు తోడుండుట అవసరము. తెలుగులో అడిగిన ప్రశ్నకు తలయూపుట సమాధానము కాదు.

ధ్రువపత్రము లేనివారు ఒక ఊరిలో ఆరేడుగురు తేలినచో, అందరికిని ఒకే దినము వచ్చునట్లు ప్రయత్నించి, ఒక వాహనము కుదిర్చి, ఒక సహాయకునితో పంపవచ్చును. ఆరు ఇండ్లవారు ఆరు కూలిదినములు పోగొట్టుకొనుట తప్పును. ఇట్టి సామాన్యమైన ఏర్పాటు పెద్ద పథకములు చేయలేని పనిని చేయును. 2023 డిసెంబరు 9 నుండి రాష్ట్రములో స్త్రీలకు ఆర్టీసీ బస్సులలో ఉచిత ప్రయాణము లభించినందున, వికలాంగ స్త్రీకి తోడుగా తల్లియో చెల్లెలో పోయినచో బస్సు ఖర్చు కూడ కలిసివచ్చును. ఇంకొక మాట. వైద్యాధికారి నిర్ణయించిన శాతము సరికాదని తోచినవారు ఊరకుండవలసిన పనిలేదు. 2016 చట్టములోని 59వ సెక్షను అప్పీలునకు అవకాశము కల్పించినది. 38 శాతమునకును 40 శాతమునకును గల భేదము కాగితముపై రెండంకెలే. జీవితములో అది పింఛనునకును, పింఛను లేమికిని గల భేదము.

పింఛను

తెలంగాణలో 2014 నవంబరులో ఆసరా పింఛనులు ప్రారంభమైనప్పుడు వికలాంగులకు నెలకు 1500 రూపాయలు నిర్ణయింపబడినవి. 2019లో అది 3016 రూపాయలైనది. 2023 జూన్‌లో మంచిర్యాలలో ప్రకటింపబడి, జూలై నుండి 4016 రూపాయలుగా పెరిగినది. సామాజిక భద్రతా పథకములలో వికలాంగులకిచ్చు మొత్తము ఇతరులకిచ్చు దానికంటె కనీసము నాలుగవవంతు హెచ్చుగా ఉండవలెనని 2016 చట్టములోని 24వ సెక్షను చెప్పుచున్నది. వైకల్యము వలన మందులకు, ప్రయాణమునకు, తోడుమనిషికి అదనపు ఖర్చు కలుగుటయే దీనికి కారణము.

పింఛను మంజూరగుటతో పని తీరినదని తలపరాదు. ఆ సొమ్ము ఎవరి చేతికి చేరుచున్నది? తపాలా ఉద్యోగి ఇచ్చునప్పుడు లబ్ధిదారుడు చూచుకొనుచున్నాడా, లేక వ్రేలిముద్ర మాత్రము వేయుచున్నాడా? కుష్ఠువ్యాధి వలన వ్రేళ్లు అరిగినవారి ముద్ర యంత్రముపై పడదు. అట్టివారికి ప్రత్యామ్నాయ మార్గములు కలవు. వానిని అడిగి చేయించు బాధ్యత కార్యదర్శిది. యంత్రము కాదన్నది గనుక మనిషి లేడనుట తగదు.

కుష్ఠు ప్రసక్తి వచ్చినది గనుక కొంత చెప్పవలసియున్నది. గోదావరికి ఆవలి ఒడ్డున, నిజామాబాదు జిల్లా డిచ్‌పల్లిలో డాక్టరు ఇసబెల్ కెర్ ఒక శతాబ్దమునకు పూర్వమే కుష్ఠురోగులకై ఆసుపత్రి నెలకొల్పినది. అప్పుడు ఊరివెలుపల నుంచుట తప్ప వేరు మార్గము లేదనుకొనెడివారు. నేడు బహుళ ఔషధ చికిత్సతో వ్యాధి నయమగుచున్నది. చికిత్స మొదలైన కొద్దికాలమునకే ఇతరులకు సోకు శక్తి నశించును. చట్టములు మాత్రము ఆలస్యముగా మారినవి. 1898 నాటి కుష్ఠురోగుల చట్టము 2016లో రద్దయినది. కుష్ఠును విడాకులకు కారణముగా చూపు నిబంధనలు 2019లో తొలగింపబడినవి. కుష్ఠురోగి పురపాలక సంఘమున సభ్యుడు కారాదను ఒరిస్సా చట్టపు నిబంధనను సుప్రీంకోర్టు 2008లో కూడ సమర్థించియుండెను. చట్టముల స్థితియే ఇట్లున్నప్పుడు ఊరి బావివద్ద, పెండ్లి పందిటిలో ఏమి జరిగియుండునో ఊహింపవచ్చును.

భూమిలో వాటా

ఇది అన్నిటికంటె సున్నితమైన విషయము. గ్రామములలో అన్నిటికంటె తక్కువగా చర్చింపబడునదియు నిదే.

ఒక రైతునకు ఆరెకరముల పత్తి చేను కలదనుకొందము. ముగ్గురు కుమారులు. నడిమివానికి పుట్టుకతోనే చూపులేదు. తండ్రి గతించిన పిదప పెద్దమనుషులు కూర్చుండి చేనును రెండు భాగములు చేసి, "వానికి అన్నదమ్ములున్నారు, ఆరునెలలు ఒకరింట, ఆరునెలలు ఒకరింట అన్నము పెట్టుదురు" అని తీర్మానింతురు. ఆ మాటలో దయయు కలదు, ద్రోహమును కలదు. దయ అన్నదమ్ములు జీవించియున్నంతవరకే. వారి కుమారుల కాలమునకు అది భారమగును. రెండెకరములు తన పేర నున్నచో అతడు వానిని కౌలుకు ఈయవచ్చును. 2025 జనవరిలో ప్రారంభమైన రైతు భరోసా క్రింద ఎకరమునకు సంవత్సరమునకు 12,000 రూపాయలు నిర్ణయింపబడినవి. రెండెకరములకు 24,000 రూపాయలు. పట్టాదారునకే గాని అన్నము తినువానికి ఆ సొమ్ము రాదు. పెండ్లి సంబంధము మాటలాడువారు కూడ మొదట అడుగునది భూమినిగూర్చియే.

చట్టమేమనుచున్నది? రోగము, లోపము, అంగవైకల్యము అను కారణమున ఎవరికిని వారసత్వము నిరాకరింపరాదని 1956 నాటి హిందూ వారసత్వ చట్టములోని 28వ సెక్షను స్పష్టముగా చెప్పుచున్నది. అంతకు పూర్వమే, 1928లో, బ్రిటిషు ఇండియాలో ఇట్టి శాసనము జరిగినది. షెడ్యూల్డు తెగలకు 1956 చట్టము సాధారణముగా వర్తింపదు. వారి ఆచారము ననుసరించియే పంపకములు జరుగును. అయినను 2016 చట్టములోని 13వ సెక్షను అందరికిని వర్తించునట్టిది. ఇతరులతో సమానముగా స్థిరచరాస్తులను కలిగియుండుటకును, వారసత్వముగా పొందుటకును, తన ఆర్థిక వ్యవహారములను తాను నడుపుకొనుటకును వికలాంగునకు హక్కు కలదని అది చెప్పుచున్నది. అంతటితో ఆగలేదు. వికలాంగునకు సహాయకుడుగా నున్న వ్యక్తికిని, వికలాంగునకును ఒక ఆస్తి వ్యవహారములో ప్రయోజనములు విరుద్ధమైనప్పుడు, ఆ వ్యవహారములో సహాయకుడు తోడ్పాటునుండి తప్పుకొనవలెనని కూడ విధించినది. అనగా తమ్ముని తరపున వ్రేలిముద్ర వేయించు అన్నయే ఆ భూమిని తీసికొనువాడైనచో, ఆ సహాయము చట్టమునకు విరుద్ధము.

బుద్ధిమాంద్యము, ఆటిజము, మస్తిష్క పక్షవాతము, బహుళవైకల్యము గలవారి విషయములో 1999 నాటి జాతీయ ట్రస్టు చట్టము క్రింద జిల్లా కలెక్టరు అధ్యక్షతన స్థానికసంఘము సంరక్షకుని నియమించును. తలిదండ్రులు "మా తరువాత వీని గతి ఏమి" అని కుములుచుండుట కంటె, తాము జీవించియుండగనే ఈ ఏర్పాటు చేసికొనుట మేలు. వ్యాజ్యము తప్పనిసరియైనచో, వికలాంగునకు ఆదాయ పరిమితితో నిమిత్తము లేకుండ ఉచిత న్యాయ సహాయము లభించును. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టము ఆ హక్కునిచ్చినది. ఆ సంస్థ జిల్లా కేంద్రమున కలదు.

పంపకముల కాగితము వ్రాయునప్పుడు పెద్దమనుషులలో సర్పంచు ఉండుట మన గ్రామములలో వాడుక. ఆ సమయమున "మూడవ వాటా ఏది" అని ఆయన ఒక్క ప్రశ్న వేసినచో చాలును. తరువాత పది సంవత్సరములు కోర్టులచుట్టు తిరుగవలసిన పనియుండదు.

బడి

ఆరు నుండి పదునెనిమిది సంవత్సరముల వయస్సుగల, 40 శాతము వైకల్యమున్న ప్రతి బిడ్డకును ఉచిత విద్య పొందు హక్కు కలదు. వికలాంగ బాలబాలికలను గుర్తించుటకు ఐదు సంవత్సరములకొకసారి సర్వే జరుపవలసిన బాధ్యతను 2016 చట్టము ప్రభుత్వముతోబాటు స్థానిక సంస్థలపైనను ఉంచినది. ఈ విషయము చాలమంది పంచాయతీ సభ్యులకు తెలియదు. రాష్ట్రములో మండల కేంద్రములందు భవిత కేంద్రములు నెలకొల్పబడినవి. ప్రత్యేక శిక్షణ పొందిన ఉపాధ్యాయులు అచట పిల్లలకు బోధింతురు. తీవ్ర వైకల్యము గలవారికి ఇంటివద్దనే విద్య నేర్పుటకును చట్టమున అవకాశము కలదు.

బడికి పంపుటలో తలిదండ్రులకు గల సంకోచము ముఖ్యముగా తోటివారి ఎగతాళిని గూర్చినది. పేరుకు ముందు "కుంటి", "గుడ్డి", "మూగ" అని చేర్చి పిలుచుట మన పల్లెలలో తప్పుగా ఎంచబడదు. పిలుచువానికి ద్వేషము లేకపోవచ్చును గాని వినుబిడ్డకు ఆ పేరు ముసలితనము వరకు వదలదు. అవమానింపవలెనను ఉద్దేశ్యముతో నలుగురు చూచుచుండగా వికలాంగుని తిట్టినవానికి ఆరునెలలకు తక్కువ కాకుండ ఐదు సంవత్సరముల వరకు శిక్షయు, జరిమానాయు 92వ సెక్షను విధించుచున్నది. పోలీసుస్టేషను వరకు పోవుటకంటె ప్రధానోపాధ్యాయుడు తరగతిలో ఒకసారి చెప్పుట మేలు. ఓటరు జాబితాలోను, హాజరు పట్టికలోను, గ్రామసభ నివేదికలోను ఆ మనిషి అసలు పేరు మాత్రమే వ్రాయుట మరింత మేలు.

నూటికి ఐదు

భూముల కేటాయింపులోను, గృహములలోను, దారిద్ర్య నిర్మూలన పథకములలోను నూటికి ఐదు వికలాంగులకు ప్రత్యేకింపవలెననియు, అందు స్త్రీలకు ప్రాధాన్యము ఈయవలెననియు 37వ సెక్షను చెప్పుచున్నది. 1995 చట్టములో దారిద్ర్య నిర్మూలన పథకములకు ఇది మూడు శాతముగా ఉండెను. ఒక పంచాయతీకి ఇరువది ఇండ్లు మంజూరైనచో అందొకటి వికలాంగునకు చెందవలెనని లెక్క తేలుచున్నది. షెడ్యూల్డు ప్రాంత గ్రామములలో లబ్ధిదారులను ఎంపికచేయు అధికారము 1996 నాటి పెసా చట్టము గ్రామసభకే అప్పగించినది. కావున ఆ ఒక్క ఇంటి విషయము పై అధికారులు మరచిరని చెప్పుటకు అచట వీలులేదు. మరచినచో గ్రామసభయే మరచినది.

గ్రామసభ

తెలంగాణ చట్టము ప్రకారము గ్రామసభ రెండునెలలకొకసారి జరుగవలెను. 2025 డిసెంబరులో మూడు విడతలుగా పంచాయతీ ఎన్నికలు జరిగి నూతన పాలకవర్గములు వచ్చినవి. ఈ సభ్యులు తమ తొలి సంవత్సరముననే గమనింపదగిన కొన్ని చిన్న సంగతులు కలవు.

మొదటిది పంచాయతీ కార్యాలయపు మెట్లు. మెట్ల ప్రక్కన ఏటవాలు దారి కట్టించుట నేడు చాలచోట్ల కనబడుచున్నది. అయితే అందు పెక్కులు ఎడ్లబండి దింపుటకు పనికివచ్చునంత నిటారుగా నున్నవి! ఒక అడుగు ఎత్తునకు పండ్రెండు అడుగుల పొడవు ఉండవలెనని నియమము. కార్యాలయపు అరుగు రెండడుగుల ఎత్తున నున్నచో దారి ఇరువదినాలుగు అడుగులు సాగవలెను. స్థలము చాలనిచో నడుమ మలుపు త్రిప్పి కట్టవచ్చును. ప్రక్కన పట్టుకొనుటకు కమ్మీ ఉండవలెను. కొలత పాటింపని కట్టడము బిల్లు మంజూరగుటకే గాని చక్రముల కుర్చీ ఎక్కుటకు కాదు. మరుగుదొడ్డికిని ఇదే సూత్రము. లోపల పట్టుకొనుటకు గోడకొక కమ్మీ బిగించుటకు ఖర్చెంత?

డిసెంబరు 3 అంతర్జాతీయ వికలాంగుల దినోత్సవము. ఆ దినమున శాలువాలు కప్పుట ఆనవాయితీ అయినది. కప్పుటలో తప్పులేదు గాని, అదే వేదికపై ఆ ఏడు మంజూరైన ఇండ్లలో వికలాంగులకు దక్కినవెన్నో చదివి వినిపించిన పంచాయతీని గూర్చి వినుట మరింత సంతోషకరము.

ప్రాతినిధ్యమును గూర్చియు ఆలోచింపవలసియున్నది. తమిళనాడు శాసనసభ 2025లో స్థానిక సంస్థలన్నిటిలోను వికలాంగులను సభ్యులుగా నియమించుటకు చట్టములను సవరించినది. మన రాష్ట్రమున బాల్యముననే పోలియో సోకి ఊతకర్రలతో నడచిన ఎస్. జైపాల్‌రెడ్డి గారు 1969లో కల్వకుర్తినుండి శాసనసభకు ఎన్నికై, తరువాత కేంద్రమంత్రి పదవులను నిర్వహించిరి. 1998లో ఉత్తమ పార్లమెంటేరియనుగా గౌరవింపబడిరి. ఆయనకు విద్యయు, కుటుంబబలమును ఉండెను. గూడెములో పుట్టినవానికి అవి లేనప్పుడు, వార్డు సభ్యుడగుటకు ముందు సభలో కూర్చుండుటకైనను తోడు కావలెను. పోలియోయే ఇప్పుడు లేదు. దేశములో చివరి కేసు 2011 జనవరిలో నమోదైనది, 2014 మార్చిలో దేశము పోలియో రహితమని ప్రకటింపబడినది. అంతకు పూర్వము ఆ వ్యాధికి గురియైనవారు మాత్రము నేడు నడివయస్సులో మన గ్రామములలోనే యున్నారు.

ఓటు విషయములో కొంత పురోగతి కలిగినది. 2023 శాసనసభ ఎన్నికలలో 40 శాతము వైకల్యము గలవారికి ఇంటివద్దనే ఓటువేయు సదుపాయము కల్పింపబడినది. చూపులేనివారు, నిస్సహాయులు పోలింగు కేంద్రమునకు పదునెనిమిదేండ్లు నిండిన ఒక తోడుమనిషిని తీసికొనిపోవచ్చును. ఆ తోడు ఎవరన్నది ఓటరు ఇష్టము. అభ్యర్థి మనుషుల ఇష్టము కాదు.

చివరగా గ్రామసభకు పిలుచు పద్ధతి. డప్పు చాటింపు చెవిటివానికి వినబడదు. గోడకు అంటించిన నోటీసు చూపులేనివానికి కనబడదు. మంచముపై నున్నవానికి రెండును నిరుపయోగమే. పట్టికలోని ప్రతి వికలాంగుని ఇంటికిని సభకు ఒకటి రెండు దినముల ముందుగా కారోబారు స్వయముగా పోయి, సభ తేదీ, వేళ, స్థలము, చర్చింపబడు విషయములు చెప్పిరావలెను. రాదలచినవారిని తీసికొనివచ్చుటకు ఎవరు పోవుదురో అప్పుడే నిర్ణయింపవలెను. రాలేనివారు ఏమి అడుగదలచిరో వ్రాసికొనివచ్చి, ఆ మాటలను వారి పేరుతో సభలో చదివి, నివేదికలో చేర్పవలెను.